ఎక్స్‌పార్టీ ఉత్తర్వు తీసేయమని పిటిషన్: అఫిడవిట్‌లో కామెర్లు అని రాయమంటున్నారు, ఏం చేయాలి?

నల్లకుంట టైపిస్టు:

పెద్దలకు నమస్కారం. సిటీ సివిల్ కోర్టు దగ్గర పదకొండేళ్లు టైపింగ్ చేశాను. ఇప్పుడు ఒక న్యాయవాది గారి ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు పారాలీగల్ కోర్సు చదువుతున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని ఐ.ఏ.లు (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్లు) టైపు చేశానో లెక్క లేదు గానీ, సొంతంగా ఒక్కటీ రాయలేదు. పోయిన వారం సార్ ఒక ఫైలు నా చేతికిచ్చి, ‘ముసాయిదా నువ్వే రాయమ్మా, నేను దిద్దుతాను’ అన్నారు.

గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. ప్రామిసరీ నోటు మీద డబ్బు వసూలు దావా. మా క్లయింటు ప్రతివాది, వారాసిగూడలో కుట్టుపని చేసుకునే పెద్దాయన. సమన్లు అందాయి. సిటీ సివిల్ కోర్టు అంటే ఇంటికి దగ్గరున్న సికింద్రాబాద్ కోర్టే అనుకుని, వాయిదా రోజు పొద్దున పదింటికే అక్కడికి వెళ్లి కూర్చున్నారు. పేరు పిలవలేదు. మూడు గంటలప్పుడు ఎవరో కాగితం చూసి, ‘ఇది ఇక్కడిది కాదు, హైకోర్టు పక్కన ఉన్న కోర్టుది’ అన్నారట. బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి నడిచి వచ్చేసరికి కోర్టు లేచింది. అప్పటికే ఆయన్ని ఎక్స్‌పార్టీ చేశారు, అంటే ఆయన రాలేదని, ఆయన లేకుండానే కేసు నడపాలని ఉత్తర్వు ఇచ్చారు. వచ్చే వారం వాది సాక్ష్యానికి వాయిదా ఉంది.

పాత ఫైళ్లలో నాకు దొరికిన నమూనా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద ఉంది. అదే వాడవచ్చా? ఇంకో సందేహం దీనికంటే పెద్దది. మా గుమాస్తా గారు, ‘కామెర్లు వచ్చాయని రాయి, సర్టిఫికెట్టు పెడదాం. వేరే కోర్టుకు వెళ్లానంటే ఎవరు నమ్ముతారు?’ అంటున్నారు. ‘పిటిషనరు తీవ్ర అనారోగ్యంతో బాధపడుతూ, అనివార్య కారణాల వల్ల’ అనే వాక్యాన్ని ఈ చేతులతోనే కొన్ని వందల సార్లు టైపు చేశాను. అప్పుడు ఆ మనుషులెవరో నాకు తెలియదు. ఈ పెద్దాయన మాత్రం నా ఎదుటే స్టూలు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి ఆ రోజు బస్సు టికెట్టు తీసి చూపించారు. నాలుగు మడతలు పెట్టి దాచుకున్నారు. అది చూశాక కామెర్లని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

లా రెండో సంవత్సరం:

రూల్ 13 సరిపోతుందని నా అభిప్రాయం. దాంతోపాటు లిమిటేషన్ (గడువుల) చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని మరో ఐ.ఏ. జత చేయండి. కారణం సంగతి మీ గుమాస్తా గారికి అనుభవం ఉంది కాబట్టి ఆయన మాట వినడం మంచిది.

పాతబస్తీ న్యాయవాది:

అమ్మా, పై సలహాలో రెండు భాగాలూ పాటించకండి.

రూల్ 13 డిక్రీ, అంటే దావా తేల్చే ఉత్తర్వు, అయ్యాక వాడేది. మీ దావాలో డిక్రీ లేదు, వాది సాక్ష్యమే మొదలుకాలేదు. కాబట్టి మీది రూల్ 7. ఎక్స్‌పార్టీ చేశాక పడిన వాయిదా నాడు గానీ అంతకు ముందు గానీ ప్రతివాది హాజరై, ముందు రాలేకపోయినందుకు మంచి కారణం చూపితే, ఖర్చులు వగైరా షరతులతో కోర్టు ఆయన వాదన వినవచ్చు. అందుకే వచ్చే వారం దాకా ఆగకుండా ఈలోపే వేయండి. వాదనలు పూర్తయి తీర్పుకు రిజర్వు చేశాక రూల్ 7 పనికిరాదని 1963లోనే అర్జున్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ అయిపోతే అప్పుడు రూల్ 13 కింద 30 రోజుల గడువు. అది దాటితేనే సెక్షన్ 5 అవసరం. ఇప్పుడు ఆ పిటిషన్ వేస్తే లేని ఆలస్యాన్ని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఐ.ఏ. ఒక్కటి వేసి ఊరుకోకండి. జవాబు దావా కూడా సిద్ధం చేసుకోండి. సమన్లు అందిన 30 రోజుల్లో దాఖలు చేయాలి, కారణాలు రాసి కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. మామూలు సివిల్ దావాల్లో ఆ 90 రోజులు దాటినా అరుదైన పరిస్థితుల్లో అనుమతించవచ్చని 2005లో కైలాష్ కేసులో అన్నారు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. గడువు దాటి ఉంటే జవాబు దావా స్వీకరించమని విడిగా ఇంకో ఐ.ఏ. వేయాలి. రెండు ప్రార్థనలు (కోర్టును కోరే కోరికలు) ఒకే పిటిషన్‌లో కలపకండి.

ఇక కామెర్లు. అఫిడవిట్ ప్రమాణం చేసి చెప్పే మాట. తెలిసి అబద్ధం చెబితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ శిక్ష ముందుగా పడేది సంతకం పెట్టిన ఆ పెద్దాయనకు. అవతలి న్యాయవాది కౌంటరులో (మీ పిటిషన్‌కు వేసే జవాబులో) ఆ సర్టిఫికెట్టునే పట్టుకుంటాడు, డాక్టరును పిలిపించమంటాడు. నిజానికి ఈయన కారణం కామెర్ల కంటే గట్టిది. ఆయన కోర్టును లక్ష్యపెట్టని మనిషి కాదు, రోజంతా కోర్టులోనే ఉన్నాడు, కాకపోతే వేరే కోర్టులో. ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది?

అయితే ‘పొరపాటున వేరే కోర్టుకు వెళ్లాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరూ నమ్మరు. ఎన్ని గంటలకు ఇంట్లో బయలుదేరారు, ఏ హాలు ముందు కూర్చున్నారు, ఎన్నింటికి తెలిసింది, ఎలా వచ్చారు, మర్నాడు ఏం చేశారు, మీ ఆఫీసుకు ఏ రోజు వచ్చారు, అన్నీ వరుసగా, ఒక్కో సంగతికి ఒక్కో పేరా పెట్టి రాయండి. టికెట్టును ఈ రోజే జిరాక్సు తీయించండి. మిషన్ టికెట్టు మీద అక్షరాలు నెలల్లో వెలిసిపోతాయి. తేదీ, సమయం కనిపించేటప్పుడే తీయాలి.

కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైన వ్యక్తి:

వకీలు గారు చట్టం చెప్పారు, నేను స్క్రూటినీ, అంటే దాఖలు చేసిన కాగితాలను కోర్టు ఆఫీసు పరిశీలించే సంగతి చెబుతాను. చాలా పిటిషన్లు కారణం బాగాలేక తిరిగి రావు, చిన్న విషయాలకు వస్తాయి. పిటిషన్‌లో ఒక రూలు, డాకెట్ (పిటిషన్ వెనక అట్ట) మీద ఇంకో రూలు ఉంటుంది. పాత ఫైలు మీద కొత్తది టైపు చేస్తే ఇదే జరుగుతుంది, మీకు నేను చెప్పనక్కర్లేదు. వాది, ప్రతివాది పేర్లు దావాలో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. అఫిడవిట్‌లో ప్రతి పేజీ అడుగున ఎన్ని దిద్దుబాట్లో వేసి ఆయన చేత సంతకం పెట్టించాలి. లేకుంటే లేవని రాయాలి. ధ్రువీకరణ సంతకం మీ సార్‌ది కాకూడదు, ఈ కేసులో లేని మరో న్యాయవాది చేయాలి.

అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది కదా, ఆయనకు ఇంగ్లీషు వచ్చా? రాకపోతే తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని ఆయన ఒప్పుకున్నాకే సంతకం. ఆ మాట అఫిడవిట్ చివర ఉండాలి. ఉన్నంత మాత్రాన చాలదు, నిజంగా చదవాలి. తన అఫిడవిట్‌లో ఏముందో తెలియక బోనులో బిత్తరపోయిన వాళ్లను చాలామందిని చూశాను. ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

నల్లకుంట టైపిస్టు:

అందరికీ కృతజ్ఞతలు. రూల్ 7 కిందే రాశాను. సార్ ప్రార్థనలో రెండు మాటలు మార్చారు. కామెర్ల సంగతి నేనే ఆయనకు చెప్పాను. ‘టికెట్టు ఉండగా రోగమెందుకు?’ అన్నారు. గుమాస్తా గారు ఏమీ అనలేదు. సాయంత్రం తనే వెళ్లి టికెట్టుకు రెండు జిరాక్సులు తీయించుకొచ్చారు.

ఈ రోజు పెద్దాయనకు మొత్తం తెలుగులో చదివి వినిపించాను, మెల్లగా, పేరా తర్వాత పేరా. నాలుగో పేరాలో నన్ను ఆపారు. ‘బెంచీ మీద కూర్చున్నాను’ అని రాశాను నేను. ‘కాదమ్మా, బెంచీ ఖాళీ లేదు, మెట్ల మీద కూర్చున్నా’ అన్నారు. ఆయన అడ్డుచెప్పింది ఆ ఒక్క మాటకే. కొట్టేసి పైన ‘మెట్ల మీద’ అని ఇంగ్లీషులో రాసి, ఆయనకు మళ్లీ చెప్పి, పక్కన పొట్టి సంతకం పెట్టించాను. రెండో పేజీ అడుగున దిద్దుబాట్లు: 1 అని వేశాను. పొద్దున ఫైలింగుకు తీసుకెళ్తున్నాను.