పాత డ్రిల్లు మోటారులో నిప్పురవ్వలు: కార్బన్లు మారిస్తే సరిపోతుందా?

చెక్కపని:
మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైబడిన 10 మి.మీ. డ్రిల్లు మిషను ఒకటి ఉంది. లోహపు ఒళ్లు, మూడు పిన్నుల ప్లగ్గు. కొంతకాలంగా స్విచ్ నొక్కగానే వెనుకవైపు గాలి రంధ్రాల్లోంచి నారింజ రంగు రవ్వలు కనిపిస్తున్నాయి; గోడకు ఆనించి ఒత్తితే అవి పెరిగి మాడు వాసన కూడా వస్తోంది. బజారులో ఒకరు కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే బొగ్గు ముక్కలు) మార్చి, కమ్యుటేటరును (అవి ఆనే రాగి పట్టీల గుండ్రటి భాగాన్ని) ఎమరీ కాగితంతో రుద్దితే చాలన్నారు. మరొకరు ఆర్మేచర్ (తీగ చుట్టలతో తిరిగే భాగం) పోయిందనీ, బాగుచేయించే ఖర్చుకు కొత్త మిషనే వస్తుందనీ అన్నారు. ఎవరి మాట వినాలి?

పాత పనిముట్లు:
మొదటివారి మాట వినండి. కార్బన్ అరిగి 5, 6 మి.మీ.కు దిగిపోతే వెనుకనున్న స్ప్రింగు దాన్ని గట్టిగా అదమలేదు. అంత వేగంగా తిరిగే కమ్యుటేటరు మీద కార్బన్ ఎగిరెగిరి పడుతుంది, ఎగిరిన ప్రతిసారీ ఒక రవ్వ లేస్తుంది. ఆర్మేచరుతో పోలిస్తే కార్బన్ల జత ఖరీదు లెక్కలోకే రాదు. ముందు అవి మార్చి చూడటంలో పోయేదేమీ లేదు.

వైండింగ్ షాపు:
పోయేదేమీ లేదన్న దగ్గరే నాకు అభ్యంతరం. ఆర్మేచరులో ఒక తీగ చుట్ట తెగి ఉంటే, కొత్త కార్బన్లు వేసినా, ఆ చుట్టకు చెందిన రాగి పట్టీ కార్బన్ కిందనుంచి దాటిపోయే ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా తెగి మంట లేస్తుంది. తిరిగే వేగానికి అది కంటికి కమ్యుటేటరు చుట్టూ నిప్పు ఉంగరంలా కనిపిస్తుంది. ఆ మంట కొత్త కార్బన్ల మూతిని కొరికేస్తుంది, పక్క పట్టీల అంచులనూ తినేస్తుంది. ఇక ఆ తరువాత బాగుచేయడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఏదీ కొనకముందే ప్లగ్గు పీకి, కార్బన్లు బయటికి తీసి, టార్చి వెలుతురులో ఆర్మేచరును చేత్తో మెల్లగా తిప్పుతూ చూడండి. పట్టీలన్నీ ఒకే తీరుగా ముదురు గోధుమరంగులో నున్నగా ఉంటే అది మంచి లక్షణమే, ఆ రంగును గీకి తీయనక్కరలేదు. అంతటా సమంగా నల్లబడి గరుకుగా ఉంటే, కార్బన్లనో స్ప్రింగులనో అనుమానించాలి. ఒకటి రెండు పట్టీల అంచులు మాత్రమే కాలి గుంటపడి, తక్కినవి శుభ్రంగా ఉంటే మాత్రం కార్బన్ల కోసం దుకాణానికి వెళ్లకండి. ఇరుసును వేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపి కూడా చూడండి. బేరింగు వదులైతే కమ్యుటేటరే అదురుతుంది, అప్పుడు ఏ కార్బన్ వేసినా ఒకటే.

పాత పనిముట్లు:
వైండింగ్ షాపు గారికి ఆర్మేచరే ముందు కనిపించడం సహజం. నేను చెప్పేది మరో వైపునుంచి. కొత్త కార్బన్ మూతి కమ్యుటేటరు గుండ్రానికి అచ్చంగా అతకదు కనుక, మొదట్లో అది అంచుతోనే ఆని రవ్వలు వస్తాయి. దాన్ని చూసి, కార్బన్లు మార్చినా తగ్గలేదని మంచి మిషన్లను పాత ఇనుము కింద అమ్మేసేవారున్నారు. లోడు లేకుండా పది పదిహేను నిమిషాలు, మధ్యమధ్య ఆపుతూ తిప్పితే మూతి కుదురుకుంటుంది. ఆ తరువాత కార్బన్ అంచున మిగిలే చిన్న నీలి రవ్వ ఇలాంటి మోటార్లలో మామూలే.

ఐటీఐ బోధకుడు:
ఎమరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. దయచేసి దాన్ని వాడవద్దు. దాని గట్టి రేణువులు రాగిలో దిగబడి కార్బన్లను అరగదీస్తాయి, అందులో ఇనుప ఆక్సైడు కూడా ఉంటుంది కనుక పట్టీల సందుల్లో చేరడం మంచిది కాదు. రుద్దక తప్పకపోతే 400 లేదా 600 నంబరు సన్న ఉప్పుకాగితం చాలు. రాగి అరిగి, పట్టీల నడుమనున్న అభ్రకం పైకి తేలి ఉంటే ఎంత రుద్దినా లాభం లేదు. సన్నగా అరగదీసిన హ్యాక్సా బ్లేడు ముక్కతో ఆ అభ్రకాన్ని పట్టీల మట్టం కంటే కాస్త లోతుకు దించాలి.

మీది లోహపు ఒళ్లున్న మిషను. కార్బన్ పొడి కరెంటును పారనిస్తుంది. అది లోపల పేరుకుంటే మిషను ఒంటికి కరెంటు దిగి, పట్టుకున్నవారికి షాక్ తగలవచ్చు. పొడిని బ్రష్‌తో దులిపి, ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ మిషను ఒంటికీ మధ్య తీగ తెగలేదని చూసుకున్నాకే మళ్లీ స్విచ్ వేయండి.

చెక్కపని:
విప్పి చూశాను. కార్బన్లు రెండూ సగానికి పైగా మిగిలే ఉన్నాయి, స్ప్రింగులు బిగువుగానే ఉన్నాయి. పక్కపక్కనున్న రెండు పట్టీల అంచులు మాత్రం కాలి ఉన్నాయి. మీటరుతో పక్కపక్క పట్టీల మధ్య కొలిస్తే అంతటా ఒక ఓము చిల్లర, ఆ రెంటి మధ్య మాత్రం 20 ఓములు దాటింది. చుట్ట తెగితే మీటరు అసలేమీ చూపకూడదు కదా?

వైండింగ్ షాపు:
తెగినా చూపుతుంది. ఆర్మేచరు చుట్టలన్నీ ఒకదానికొకటి కలిసి వలయంగా ఉంటాయి. ఒకటి తెగితే మీటరు కరెంటు మిగతా చుట్టలన్నిటి గుండా తిరిగి వస్తుంది కనుక, వాటన్నిటి మొత్తం కనబడుతుంది. మీది తెగిన చుట్టే. చుట్టలోని తీగలు ఒకదానికొకటి కలిసిపోయి షార్ట్ అయి ఉంటే రీడింగు తగ్గేది. ఆ తగ్గుదల మామూలు మీటరుకు సులువుగా అందదు, గ్రౌలర్ (ఆర్మేచరులో షార్టును పట్టే పరికరం) మీద పెట్టి చూడవలసి వస్తుంది.

ఇప్పుడు ఆ రెండు పట్టీల వెనుక, తీగ పట్టీని కలిసే కొక్కేల దగ్గర భూతద్దంతో చూడండి. తీగ అక్కడే విడివడి ఉంటే, దాని మీది పూత గీకి టంకం పెట్టి అతకవచ్చు. మెత్తని టంకమైతే లోడు వేడికి కరిగి ఊడిపోతుంది, కాబట్టి ఎక్కువ వేడికి తట్టుకునేది వాడమని అడగండి. చుట్టలు కూర్చున్న ఆర్మేచరు గాడి లోపలే తెగి ఉంటే మళ్లీ వైండింగ్ చేయించాల్సిందే.

పాత పనిముట్లు:
తీగ అతికాక ఇప్పటి కార్బన్లను తిరిగి వేయకండి. పొడవు మిగిలినా, వాటి మూతులు ఆ మంటకు చిట్లి ఉంటాయి. ఏ దారిన వెళ్లినా కార్బన్లు కొనక తప్పలేదు.