కొడాక్‌ను ముంచింది ఇంటివాళ్లా, బయటివాళ్లా?

చిత్రకూటం:
ఫోటో ఫిల్ముల కంపెనీ కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. అప్పటినుంచీ అందరిదీ ఒకటే పాట: "డిజిటల్ వస్తుందని వాళ్లు కనిపెట్టలేకపోయారు." కనిపెట్టకపోవడమేమిటి? 1975లో స్టీవ్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు కంపెనీ సొంతూరు రోచెస్టర్‌లో, కొడాక్ ల్యాబ్‌లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కాలంటే 23 సెకన్లు పట్టేది.

అందుకే నా ప్రశ్న కుర్చీలో కూర్చున్నవాళ్ల గురించి. 1993 దాకా వరసగా రోచెస్టర్‌లో పెరిగినవాళ్లే కంపెనీని నడిపారు. ఆ ఏడాది బోర్డు కే విట్‌మోర్‌ను సాగనంపి, మోటరోలా అధిపతి జార్జ్ ఫిషర్‌ను తెచ్చుకుంది. 2000లో మళ్లీ ఇంటిమనిషి డాన్ కార్ప్ వచ్చాడు, 1970 నుంచి అక్కడే ఉన్నవాడు. 2005లో హెచ్‌పీలో పండిపోయిన ఆంటోనియో పెరెజ్. వీళ్లలో ఎవరి పుణ్యం ఇది?

బ్రోమైడ్:
నా ఓటు బయటివాళ్లకే. పెరెజ్ హెచ్‌పీలో పాతికేళ్లు చేశాడు, ఇంక్‌జెట్ వ్యాపారంలో ఆరితేరాడు. కొడాక్‌కు వచ్చి ఏం చేశాడు? 2007లో ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లు దించాడు. మిగతావాళ్లు ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకులో లాగుతుంటే, ఈయన ఇంకు చవక అని ప్రచారం చేశాడు. హెచ్‌పీ, క్యానన్, ఎప్సన్ పాతుకుపోయిన సంతలో అది నడిచే పనేనా? దివాలా తర్వాత ఆ ప్రింటర్ల అమ్మకమే ఆపేశారు.

అదే 2007లో వైద్య విభాగాన్ని 235 కోట్ల డాలర్లకు ఓనెక్స్ అనే పెట్టుబడి కంపెనీకి అమ్మేశారు. ఇప్పుడు దాని పేరు కేర్‌స్ట్రీమ్. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లకి ఆ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. కొడాక్‌కు పోటీ అయిన జపాన్ ఫిల్మ్ కంపెనీ ఫ్యూజీ 1983లోనే కంప్యూటర్ ఎక్స్‌రే తెచ్చి, వైద్య రంగాన్ని ఈరోజుకీ వదల్లేదు. రోచెస్టర్‌లో పెరిగినవాడెవడైనా ఎక్స్‌రేని అమ్ముకుని ప్రింటర్ల మీద పడతాడా?

లైట్‌మీటర్:
బ్రోమైడ్ గారూ, పెరెజ్ వచ్చేసరికే ఇల్లు సగం ఖాళీ. ఖాళీ చేసింది ఇంటివాళ్లే. 1988లో స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల కంపెనీని 510 కోట్ల డాలర్లు పోసి కొన్నది ఎవరు? కోల్బీ చాండ్లర్, కొడాక్ ఇంజనీరు. ఆ అప్పుతో కంపెనీ నడుం వంగిపోయింది. ఈస్ట్‌మన్ కెమికల్‌ను విడగొట్టాలని తేల్చింది విట్‌మోర్ హయాంలోనే, 1993లో. టెనెసీలోని కింగ్స్‌పోర్ట్‌లో 1920లో పెట్టిన రసాయనాల కంపెనీ అది, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఫిషర్ చేతికి వచ్చింది ఎక్కువగా అప్పులూ, ఫిల్మూనే. 1994లో స్టెర్లింగ్‌ను ముక్కలుగా అమ్మి ఆ అప్పు తీర్చింది ఆయనే.

ల్యాబ్ సాంబయ్య:
అమెరికా బోర్డుల సంగతి మీకే తెలియాలి. నేను విజయవాడలో కలర్ ల్యాబ్ నడిపినవాణ్ణి, కౌంటర్ ఇవతల నుంచి చూసింది చెబుతాను. ఫ్యూజీవాళ్ల ఫ్రాంటియర్ మెషీన్ ఉండేది. నెగెటివ్‌ను స్కాన్ చేసి, లేజర్‌తో కాగితం మీద ప్రింటు వేస్తుంది. ఎక్స్‌పోజైన కాగితం మాత్రం పాతకాలం లాగే డెవలపర్, బ్లీచ్‌ఫిక్స్ అనే రసాయనాల్లో మునిగి రావాల్సిందే. అంటే కస్టమర్ డిజిటల్ కెమెరా కార్డు తెచ్చినా సరే, నేను కొనేది వాళ్ల కాగితం, వాళ్ల కెమికల్. ఫిల్మ్ రోలు కడగడం తగ్గిపోయాక కూడా పెళ్లి ఆల్బమ్‌ల మీద ఏళ్లతరబడి వాళ్లకి డబ్బు వచ్చింది. ఇది 1996 నాటి మెషీన్. పాతదీ కొత్తదీ ఒకే పెట్టెలో కలిపిన ఆ కంపెనీకి పెద్దలెవరో, ఏం చదివారో ఎవరైనా చెప్పండి.

చిత్రకూటం:
సాంబయ్య గారూ, మంచి ప్రశ్న. షిగెతాకా కొమోరి టోక్యో యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివి, 1963లో ఫ్యూజీలో చేరాడు. అచ్చమైన ఇంటిమనిషి. అయితే ఆయన పెరిగింది ఫోటో ఫిల్మ్ విభాగం ఒక్కదానిలోనే కాదు. ప్రింటింగ్ ప్రెస్సులకు పనికొచ్చే సరుకు, రికార్డింగ్ టేపులు, ఆ తర్వాత యూరప్ బాధ్యత. 2000లో ప్రెసిడెంట్ అయ్యాడు, సరిగ్గా ప్రపంచంలో ఫిల్మ్ అమ్మకాలు శిఖరానికి చేరిన రోజుల్లో. ఆయన వేసుకున్న ప్రశ్న "ఫిల్మ్ చేయడానికి మనకు ఏమేమి వచ్చు?" అనే. ఫిల్మ్‌లో వాడే జెలటిన్ కొల్లాజెన్ నుంచే వస్తుంది. ఫోటో రంగు వెలిసిపోకుండా ఆపే విద్యా చేతిలో ఉంది. ఆ రెండూ పట్టుకుని 2007లో ఆస్టాలిఫ్ట్ ముఖ క్రీములు దింపారు. ఫిల్మ్‌కు ఆధారంగా వాడే పలచటి ట్యాక్ పొర ఎల్‌సీడీ తెరలకు పనికొచ్చింది, దానికి కొత్త ఫ్యాక్టరీలు కట్టారు. 2008లో తొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొన్నారు.

నేను ఇక్కడే ఆగిపోయాను. కొడాక్ మందుల కంపెనీ కొని అమ్మేసింది, రసాయనాల కంపెనీని వదులుకుంది. ఫ్యూజీ అటువైపే నడిచి ఒడ్డెక్కింది. కాబట్టి లోపలా బయటా అన్నది తప్పుడు గీత. ఒక్క రకం వ్యాపారంలోనే చెయ్యి తిరిగినవాడు ఎక్కడ కూర్చున్నా ఆ వ్యాపారమే చేస్తాడు. పెరెజ్‌కు కొడాక్‌లో ఇంకు కనబడింది. ఫిషర్ మోటరోలాలో ఉండగా చైనాలో ఫోన్లు అమ్మిన మనిషి. 1998లో కొడాక్ చేత చైనా ఫిల్మ్ ఫ్యాక్టరీల్లో వంద కోట్ల డాలర్ల పైన పెట్టుబడికి ఒప్పందం చేయించాడు.

బ్రోమైడ్:
మరి కార్ప్ సంగతి? ఆయనా దేశాలు తిరిగినవాడే కదా! లాటిన్ అమెరికా చూశాడు, యూరప్ చూశాడు. కొమోరికి ఉన్న అనుభవం ఆయనకు లేదని ఎలా అంటారు?

చిత్రకూటం:
తిరిగాడండీ, కాదనను. ఎక్కడికి వెళ్లినా ముఖ్యంగా అమ్మింది కొడాక్ ఫిల్మ్ ఉండే అదే పసుపుపచ్చ డబ్బా. ప్రెస్ యజమాని ఒక్క పైసా కోసం బేరమాడతాడు, పెళ్లికి రోలు కొనేవాడు ఆడడు. కొమోరి మొదటిరకం కొనుగోలుదారుతో వేగాడు. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తోంది.

హుస్సేన్‌సాగర్:
మన హైదరాబాద్ కుర్రాడు శంతను నారాయణ్‌ను కూడా ఈ లెక్కలో చూడండి. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. యాపిల్, సిలికాన్ గ్రాఫిక్స్, ఆ తర్వాత ఇంటర్నెట్లో ఫోటోలు పంచుకునే పిక్ట్రా అనే సొంత స్టార్టప్. 1998లో అడోబీలో చేరి, 2007 డిసెంబరులో సీఈఓ అయ్యాడు. కంపెనీ లోపల దాదాపు పదేళ్లు, అంతకుముందు బయట మూడు నాలుగు రకాల పని. ఫోటోషాప్‌ను డబ్బాలో పెట్టి అమ్మడం మానిపించి, నెలవారీ చందాకు మార్చింది ఈయన హయాంలోనే. మొదట్లో కస్టమర్లు గోల పెట్టినా వెనక్కి తగ్గలేదు.

లైట్‌మీటర్:
అంతా బాగుంది గానీ, అందరం బోర్డునూ, దాని వెనకున్న వాటాదారులనూ వదిలేస్తున్నాం. కార్ప్ 2003 సెప్టెంబరులో డిజిటల్‌కు డబ్బు కావాలని, ఒక్కో షేరుకు లాభంలోంచి పంచే వార్షిక డివిడెండ్‌ను 1.80 డాలర్ల నుంచి 50 సెంట్లకు కోశాడు. వాటాదారులు మండిపడ్డారు, షేరు పడిపోయింది. కొమోరిని తెచ్చి రోచెస్టర్‌లో కూర్చోబెట్టినా ఆ వాటాదారులు ముఖ క్రీములకు డబ్బు పెట్టనిచ్చేవారా? చిత్రకూటం గారు దీనికి జవాబు చెప్పాలి.