ఎంతిస్తారని అడిగితే ఒక లెక్క, యాభై ఇస్తారా అంటే ఇంకో లెక్క. ఏది రాసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మా ఊరి చెరువు బాగుచేయడానికి ఇంటికి నెలకి ఎంతిస్తారో అడుగుతున్నా. మొదటి వీధిలో "ఎంతిస్తారండీ" అంటే పదో ఇరవయ్యో అన్నారు, కొందరైతే ఏం చెప్పాలో తెలీక నా మొహమే చూశారు. రెండో వీధిలో "యాభై ఇస్తారా" అంటే సగానికి పైగా సరే అనేశారు. రెండూ కలిపి సగటు తీసెయ్యొచ్చా?

జవాబు:
వద్దు తమ్ముడూ, అస్సలు కలపకు, అవి రెండు వేరే ప్రశ్నలు. చెరువుకి బజార్లో రేటుండదు కదా, ఊరికే ఎంత అంటే మనిషికి ఏం తోచదు, తక్కువ చెప్పేస్తారు. నువ్వే యాభై అన్నావనుకో, ఆ అంకె బుర్రలో కూర్చుంటుంది, పైగా గుమ్మంలోకొచ్చిన కుర్రాడికి లేదని చెప్పడానికి మొహమాటం, అందుకే అవును-కాదు పద్ధతిలో లెక్క మామూలుగా ఎక్కువే వస్తుంది.

1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికాక ఇలాంటి సర్వేల్ని నమ్మొచ్చా అని పెద్ద వాదనే నడిచింది. చమురు గుంటల్లో పడి చచ్చిపోయే వలస పక్షుల్ని కాపాడ్డానికి ఎంతిస్తారని అప్పట్లో ఒక సర్వేలో అడిగితే 2,000 పక్షులకి సగటున 80 డాలర్లు, 20,000కి 78, 2,00,000కి 88 వచ్చాయి. పక్షులు వంద రెట్లు పెరిగినా డబ్బు కదల్లేదు చూడు! ఆ వాదన తేల్చడానికి అమెరికా ప్రభుత్వం వేసిన కమిటీకి నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో పెద్దలు, 1993లో ఆ కమిటీ ఏమందంటే, ఓటేసినట్టు అవును-కాదు అడగండి, ఎదురుగా కూర్చుని అడగండి, ఈ డబ్బు ఇస్తే మిగతా ఖర్చులకి అంత తగ్గుతుందని గుర్తుచెయ్యండి అని.

నువ్వు 20, 50, 100, 150 అని చీటీలు రాసుకో, ఇంటికొక చీటీ తీసి ఆ అంకే అడుగు, బేరమాడకు. డబ్బు ఎలా వసూలు చేస్తారో ముందే చెప్పు, ఇంటిపన్నుతో పాటా, విడిగానా అని, లేకపోతే ఉత్తుత్తి అవునులే వస్తాయి. అవునన్నవాళ్లని "నిజంగా అడిగితే ఇస్తారా" అని ఇంకోసారి అడిగి అదీ రాసుకో. కాదన్నవాళ్లని మాత్రం ఎందుకని తప్పకుండా అడుగు, "పంచాయతీ చెయ్యాల్సిన పనికి మేమెందుకివ్వాలి" అన్నాయనకి చెరువంటే ఇష్టం లేదని కాదు, ఆయన్ని సున్నాలో కలిపేస్తే అన్యాయం.

ప్రశ్న:
అర్థమైందన్నా. మరి తిరిగిన రెండు వీధులూ వేస్టేనా?

జవాబు:
వేస్ట్ ఎందుకవుతుంది. మొదటి వీధి జవాబులు చూసుకునే చీటీల మీద అంకెలు వేసుకో, నేను చెప్పినవి గుడ్డిగా రాసుకోకు. ఆ రెండు వీధుల్నీ పైలట్, అంటే అసలు సర్వేకి ముందు చేసిన చిన్న ట్రయల్ అని విడిగా చూపించి, మిగతా ఊరు కొత్త ఫారంతో తిరుగు.