ముప్ఫై ఏళ్ల యుద్ధంలో సైనికుల ప్రాణాలు తీసింది ఏమిటి?

ప్రశ్న:
1618 నుంచి 1648 దాకా యూరప్‌లో సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధం గురించి చదువుతున్నాను. ఏ పుస్తకం తెరిచినా ఫిరంగులు, అశ్వదళాలే కనిపిస్తాయి. కానీ పెద్ద పోరు ఏదీ జరగని నెలల్లో కూడా సైన్యాలు కరిగిపోతూనే ఉన్నాయి. అసలు వారు దేనివల్ల చనిపోయారు?

సమాధానం 1:
ఎక్కువ మంది రోగాలతోనే పోయారు. ఉత్తర స్వీడన్‌లోని బిగ్దియో అనే పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊళ్లు) నుంచి 1621, 1639 మధ్య 230 మందిని సైన్యంలోకి పట్టుకెళ్తే, 215 మంది పరాయి గడ్డ మీదే చనిపోయారు, అయిదుగురు అవిటివారై తిరిగివచ్చారు. వారిలో అధికులు యుద్ధరంగంలో కాక, కోటల కాపలాలోనూ శిబిరాల్లోనూ జబ్బుపడి కన్నుమూసినవారే.

సమాధానం 2:
ఆ రోగాల్లో ముందు చెప్పుకోవలసినవి టైఫస్ అనే ప్రాణాంతక జ్వరం (టైఫాయిడ్ కాదు), రక్త విరేచనాలు. 1632 వేసవిలో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ సేనలు, ఆయనకు ఎదురుపక్షమైన చక్రవర్తి సేనాపతి వాలెన్‌స్టైన్ సేనలు వారాల తరబడి ఎదురెదురుగా కదలకుండా కూర్చున్నప్పుడు, ఆకలికి తోడు ఈ రెండూ కలిసి ఇరువైపులా వేలమందిని బలిగొన్నాయి. నెలల తరబడి విప్పని చొక్కా కుట్లలో పేలు గుడ్లు పెడతాయి. గోక్కున్నప్పుడు వాటి మలంలోని టైఫస్ క్రిమి చర్మపు గీతల గుండా ఒంట్లోకి చేరుతుంది. మనిషి జ్వరంతో కాలిపోతున్నా, చనిపోయి చల్లబడినా, పేను ఆ ఒంటిని వదిలి పక్కవాడి మీదికి పాకుతుంది. శవం మీది కోటు విప్పి తొడుక్కున్న సిపాయికి దానితోపాటు ఏమి వస్తోందో తెలిసే దారే లేదు, ఎందుకంటే టైఫస్‌ను మోసేది పేనేనని ఫ్రెంచ్ శాస్త్రవేత్త షార్ల్ నికోల్ నిరూపించింది 1909లో.

సమాధానం 3:
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను: ఆనాటి లెక్కలను యథాతథంగా నమ్మకూడదు. తరువాతి కాలపు ఉదాహరణ ఒకటి ఉంది. ఏడేళ్ల యుద్ధంలో (1756–63) బ్రిటిష్ నావికుల్లో పోరులో చనిపోయినవారు 1,512 అనీ, రోగాలతో చనిపోయినవారూ కనబడకుండా పోయినవారూ కలిపి 1,33,708 అనీ తరచూ ఉదహరిస్తారు. ఆ రెండో అంకెలో పారిపోయినవారు కూడా ఉన్నారన్న సంగతిని మాత్రం చాలామంది దాటవేస్తారు. తుపాకీ గుండు తగిలి, గాయం కుళ్లి మూడు వారాలకు చనిపోయినవాడిని ఏ ఖాతాలో రాయాలి? గుండుతోపాటు మురికి బట్ట పీలిక కూడా కండలోకి దిగేది. పోరు తీవ్రతను తక్కువ చేయడానికీ వీల్లేదు. ఈ ముప్ఫై ఏళ్ల యుద్ధంలోనే 1632లో పోరు జరిగిన, జర్మనీలోని లూట్జెన్ యుద్ధభూమిలో 2011లో బయటపడిన గోతిలో 47 మంది అస్థిపంజరాలు ఉన్నాయి. వారిలో చాలామంది తలలోకి గుండు దూసుకుపోయింది.