నాస్తికుడంటే పొగరు, భక్తుడంటే అమాయకుడు: ఈ ముద్రల్లో నిజమెంత?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న నాన్నగారి ఆబ్దికం. పిండప్రదానం అయ్యాక విస్తరి తీసుకెళ్ళి డాబా మీద పెట్టి కాకి కోసం చూస్తున్నాం. మా బావకి, అంటే అక్క భర్తకి, దేవుడూ దెయ్యమూ లేవు. నవ్వుతూ, "ఎంటెక్ చదివావు, ఇప్పుడు కాకి ముడితేనే మామయ్యగారు తిన్నట్టా?" అన్నాడు నాతో. మా బాబాయి ఊరుకుంటాడా! "నాలుగు పుస్తకాలు చదివేసరికి కళ్ళు నెత్తికెక్కాయండీ అల్లుడుగారూ. మీ నాస్తికులందరికీ ఇదే జబ్బు" అన్నాడు. బావ తిరిగి, "ఆలోచించడం చేతకానివాళ్ళకి అలాగే కనిపిస్తుందండీ" అన్నాడు. అండీ అండీ అంటూనే గొంతులు పెరిగాయి. వాటర్ ట్యాంకు మీద కూర్చున్న ఒక్క కాకి కూడా ఎగిరిపోయింది. మెట్ల దగ్గర నుంచి అమ్మ, "మీరిలా అరుస్తుంటే కాకి కాదు కదా, ఆయన బతికుండగా కూడా ఈ పక్కకి వచ్చేవారు కాదు" అంది.

వాళ్ళిద్దరూ నాకు కావలసినవాళ్ళే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నమ్మనివాళ్ళకు నిజంగా తెలివి ఎక్కువా? నిజంగా పొగరు ఎక్కువా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. తిట్లు వద్దు.

హేతువు

తెలివి సంగతి నా అభిప్రాయం కాదు, లెక్కలున్నాయి. 2013లో జుకర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో 63 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశాడు. వాటిలో 53 చోట్ల మతనిష్ఠ పెరిగేకొద్దీ తెలివి పరీక్షల్లో మార్కులు తగ్గాయి. 2020లో ఇంకొన్ని అధ్యయనాలు కలిపి చూసినా అదే తేలింది. అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో అందరికంటే గొప్ప శాస్త్రవేత్తలుంటారు. వాళ్ళలో దేవుణ్ణి నమ్మేవాళ్ళు 7 శాతమేనని 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇక పొగరంటారా, మన దగ్గర సూటిగా మాట్లాడితే దాని పేరే పొగరు.

లెక్కలటీచర్

హేతువుగారూ, 63లో 53 అని చెప్పి అసలు అంకె వదిలేశారు. అందులో తేలిన సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత (0 అయితే సంబంధం లేనట్టు, 1 అయితే పూర్తిగా ఉన్నట్టు, మైనస్ అంటే ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతున్నట్టు), మైనస్ 0.24. మా ఇంటర్ పిల్లలకు చెప్పినట్టు చెప్తాను. 0.24ని దానితోనే గుణిస్తే సుమారు 0.06. అంటే మనుషుల మార్కుల్లో కనిపించే తేడాల్లో 6 శాతం మాత్రమే ఈ మతనిష్ఠతో ముడిపడి ఉంది. మిగతా 94 శాతానికి దీనితో పని లేదు.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, దారిన పోయేవాళ్ళను ఇద్దరిద్దరు చొప్పున 100 జతలు తీయండి. ప్రతి జతలో భక్తి తక్కువున్నవాడికే మార్కులు ఎక్కువ అని పందెం కాయండి. 57, 58 జతల్లో గెలుస్తారు. మిగతా 42 జతల్లో పూజ ఎక్కువ చేసేవాడిదే పైచేయి. ఈ అంకె పట్టుకుని బొట్టు చూసి మనిషి తెలివి చెప్పడమంటే టాస్ వేసి చెప్పడం కంటే కొంచెం మేలు, అంతే.

పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికాలో చేసినవి. అక్కడ చర్చికి వెళ్ళాలా మానాలా అన్నది ఎవరికి వారు తేల్చుకునే విషయం. మన దగ్గర అమెరికా పరిశోధన సంస్థ ప్యూ దాదాపు 30,000 మందిని అడిగి 2021లో వేసిన నివేదిక ప్రకారం 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతున్నామన్నారు. 97 శాతం ఒక పక్కన ఉంటే టాపరూ అందులోనే ఉంటాడు, నాలుగుసార్లు సప్లిమెంటరీ రాసినవాడూ అందులోనే ఉంటాడు. వాళ్ళ నమ్మకం వాళ్ళ తెలివి గురించి ఏం చెబుతుంది?

7 శాతం లెక్కలో ఇంకో మెలిక ఉంది. వాళ్ళనడిగింది ప్రార్థన చేస్తే విని బదులిచ్చే దేవుడి గురించి. మా మామగారు పక్కా అద్వైతి, దేవుడూ తానూ వేరు కాదనే మనిషి. రోజూ గంట సేపు పూజ చేస్తారు. ఆ ఫారం ఆయన చేతికిస్తే 'నమ్మను' దగ్గరే టిక్కు పెడతారు. ఆయన్ని ఏ గంపలో వేస్తారు?

కొండనడక

టీచర్ గారికి దండం. నేను ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను, 3,550 మెట్లు. గుండుతో ఆఫీసుకి వెళ్తే మా టీమ్‌లో ఒకడు, "జుట్టుతో పాటు లోపలిది కూడా ఇచ్చేసి వచ్చావా?" అన్నాడు. వాడు రాసిన కోడ్‌లో తప్పులు వెతికేది నేనే. అది వేరే సంగతి.

శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్ళు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్తారు, తిరుమలకి రాకెట్ నమూనా తీసుకెళ్తారు. వాళ్ళకి తెలివి లేదా? అబ్దుస్ సలాం, స్టీవెన్ వైన్‌బర్గ్ 1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నారు. సలాం నమాజు తప్పని మనిషి, వైన్‌బర్గ్ పక్కా నాస్తికుడు. ఇద్దరూ విడివిడిగా పనిచేసి ఒకే సిద్ధాంతానికి చేరారు. దేవుడున్నాడని ఒకరికి ఒక మార్కు తగ్గలేదు, లేడని ఇంకొకరికి ఒక మార్కు కలవలేదు.

పొగరు మాత్రం నేను చూశాను. 2022 చివర్లో అయ్యప్పస్వామి పుట్టుక మీద ఒక నాస్తిక వక్త అన్న మాటలు గుర్తున్నాయా? అరెస్టు దాకా వెళ్ళింది. మాల వేసుకుని 41 రోజులు చన్నీళ్ళ స్నానం చేసే ఆటోడ్రైవర్ని వెక్కిరించి ఏ హేతువాదం పెంచుతారు?

హేతువు

2019లో చంద్రయాన్-2కి ముందు కూడా తిరుమల వెళ్ళారు సార్. ల్యాండర్ కూలింది. 2023లో చంద్రయాన్-3 దిగింది. ఆ తేడా తెచ్చింది బలంగా కట్టిన కాళ్ళు, మార్చిన సాఫ్ట్‌వేర్. కొబ్బరికాయ కాదు.

కొండనడక

ఆ కాళ్ళు బలంగా కట్టింది కూడా కొబ్బరికాయ కొట్టిన బృందమే కదా. నేననేది అదే.

పటమట

ఇక్కడ ఎవరూ గోరా గారి పేరు ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. నాస్తికత్వం గురించి రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడ పటమటకు మార్చారు. సరస్వతి గోరా గారైతే కడుపుతో ఉండి గ్రహణం పూట పనులు చేసి చూపించారు. చేసిన ప్రతిదీ ముందు తమ ఇంట్లో చేశారు. ఊరివాళ్ళను వెక్కిరించడంతో మొదలుపెట్టలేదు.

ఆయన గాంధీగారి ఆశ్రమం సేవాగ్రామ్ వెళ్ళి ఆయనతో దేవుడు లేడనే వాదించారు. రోజూ ప్రార్థన చేసే మనిషికి ఎదురుగా కూర్చుని! గాంధీ ఏమన్నారంటే, నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, ఇద్దరం సత్యం వెతుకుతున్నవాళ్ళమే అన్నారు. గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకి ఇవ్వాలనుకుంటే, పెళ్ళి సేవాగ్రామ్‌లో నేనే చేయిస్తానన్నారు గాంధీ. పెళ్ళినాటికి గాంధీ లేరు. 1948 మార్చిలో అక్కడే జరిగింది.

పొగరున్న నాస్తికుడు, బుర్రలేని భక్తుడు అని ముద్రలు వేసేవాళ్ళు ఆ ఇద్దరినీ ఎక్కడ కూర్చోబెడతారో చూడాలని ఉంది.

రూతు_చీరాల

గోరా, గాంధీ ఇద్దరూ పెద్దమనుషులు, మగవాళ్ళు. వాళ్ళ వాదన వాదన అవుతుంది. మా ఇంట్లో నేను ఆదివారం చర్చికి రానన్నప్పుడు దాన్ని ఎవరూ నాస్తికత్వం అనలేదు, "పిల్లకి పొగరెక్కింది" అన్నారు. మా అన్నయ్య పదేళ్ళుగా రావడం లేదు. వాడికి మాత్రం "టైం దొరకట్లేదు పాపం". పొగరనే మాట ఎవరి మీద పడుతుందో చూస్తే మతం సంగతి కంటే ఇంటి సంగతే ఎక్కువ తెలుస్తుంది.

అటు వైపు కూడా చెప్తాను. మా అమ్మమ్మ కూలిపనికి వెళ్ళేది. బైబిల్ చదువుకోవాలన్న ఒక్క ఆశతో నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు దిద్దింది. వేలు పెట్టి, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ కీర్తనలు చదివేది. ఆ వేలి కింద అక్షరాలు అరిగి మసకబారిన పేజీలు ఇప్పటికీ మా దగ్గరున్నాయి. ఆ చదువుతోనే రేషన్ కార్డులో పేరు తప్పు పడితే పట్టుకుంది. భక్తి వల్ల బుద్ధి మందగించిందని ఆవిడ గురించి ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా ఒప్పుకోను.

2017లో ఒక అధ్యయనం వచ్చింది. 13 దేశాల్లో, మన దేశంతో సహా, 3,000 మందికి పైగా జనంతో చేశారు. జంతువుల్ని హింసించి, పెద్దయ్యాక మనుషుల్ని చంపినవాడి కథ చెప్పారు. సగం మందిని వాడు ఉత్త టీచరా, నాస్తికుడైన టీచరా అని అడిగారు. మిగతావాళ్ళని వాడు ఉత్త టీచరా, దేవుణ్ణి నమ్మే టీచరా అని అడిగారు. నాస్తికుడు అన్నవాళ్ళే చాలా ఎక్కువ. ఆ మాట అన్నవాళ్ళలో నాస్తికులు కూడా ఉన్నారు! మనమీద వేసిన ముద్రని మనమే నమ్ముతున్నాం.

వేపచెట్టు

నా సంగతి చెప్పుకోవాలి. సిగ్గుగా ఉంటుంది గానీ చెప్తాను.

1995 సెప్టెంబర్ 21. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా ఊగిపోయిన రోజు. నేను డిగ్రీ రెండో ఏడు. సైన్స్ ప్రచారం చేసే కుర్రాళ్ళతో తిరిగేవాణ్ణి. మహత్యాలు బయటపెట్టే ప్రదర్శనల్లో నిప్పుల మీద నడవడం, నాలుక మీద కర్పూరం వెలిగించుకోవడం నా పని. మా వీధి చివర గుళ్ళో క్యూ రోడ్డు దాకా వచ్చింది. మా నానమ్మ గిన్నెడు పాలు పట్టుకుని పొద్దుటే వెళ్ళింది.

నేను వెళ్ళి క్యూలో అందరిముందూ గొంతు పెంచి తలతన్యత, కేశనాళికత అని, అంటే పాలు రాతికి అంటుకుని వాటంతటవే పాకుతాయని, మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. అప్పుడు ఇంటికి పరిగెత్తి రుబ్బురోలు పొత్రం భుజాన వేసుకుని తెచ్చాను. గుడి మెట్ల మీద నిలబెట్టి, చెంచాతో పాలు నిండుగా పోసి, అంచు రాతికి తాకించాను. చెంచా ఖాళీ అయింది. "చూడండి, పొత్రం కూడా తాగుతోంది! ఇది ఏ దేవుడు?" అని అరిచాను. కొందరు నవ్వారు. ఒకాయన కొట్టడానికి వచ్చాడు. ఆ రోజు నేను గెలిచాననే అనుకున్నాను.

సాయంత్రం నానమ్మ ఇంటికొచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, పాల వాసన. "చూశావా, పాలన్నీ రాయి మీద నుంచి కిందకే కారాయి. పిచ్చి జనం" అన్నాను.

"నాకు తెలీదట్రా? పొద్దుట్నుంచి ఆ గర్భగుడి ముందు నేల తుడిచింది ఎవరనుకున్నావు? పంతులుగారికి చేతకాక నన్ను పిలిచారు. ఏడు బకెట్లు పిండాను" అంది.

నోట మాట రాలేదు నాకు. మరి ఎందుకు పోశావని అడిగితే, "ఆయన తాగుతాడని పోశానా? అందరూ పోస్తున్నారు, నా గిన్నె నేను పోశాను. నీ పొత్రం కడిగి లోపల పెట్టు. రేపు ఇడ్లీకి రుబ్బాలి" అంది.

పాలు కిందికి కారతాయని నాకు పుస్తకం చెప్పింది. ఆవిడకి గుడ్డ చెప్పింది. ఆ గుంపులో ఇంకెంతమందికి తెలుసో నేను అడగలేదు. తెలియదనే అనుకుని వెళ్ళాను. భౌతికశాస్త్రం విషయంలో నేను చెప్పింది ఇప్పటికీ కరెక్టే. మనుషుల విషయంలో మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తీర్పు చెప్పాను. హేతువాదిని అనుకున్నవాణ్ణి!

ఇప్పటికీ నేను నాస్తికుణ్ణే. పొత్రం ఇంకా ఉంది, ఇప్పుడు తలుపుకి అడ్డం పెడుతున్నాం.

హేతువు

వేపచెట్టు గారూ, మీ నానమ్మగారిని ఒప్పుకుంటాను. కానీ అందరూ ఆవిడలా ఉండరు. తెలిసి పోసినవాళ్ళ సంగతి సరే, తెలియక మోసపోయినవాళ్ళ మాటేమిటి? బాబాల దగ్గర ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను. వాళ్ళకు చెప్పొద్దా?

వేపచెట్టు

చెప్పాలి. నేనూ చెప్తూనే ఉన్నాను. కాకపోతే ఇప్పుడు ముందు మంచినీళ్ళు అడిగి, కూర్చుని చెప్తున్నాను.

కొండనడక

మా వాళ్ళ గురించి కూడా ఒక మాట. మాల వేసుకోగానే ఇంట్లో ఆడవాళ్ళ మీద చిర్రుబుర్రులాడేవాళ్ళని, 'స్వామి'ని అని చెప్పి ఆఫీసులో పని ఎగ్గొట్టేవాళ్ళని నేనూ చూశాను. నాస్తికుల పొగరు మైకులో వినిపిస్తుంది. మాది ఇంట్లో ఉంటుంది, బయటికి వినిపించదు. రూతుగారు అన్నాక తట్టింది.

లెక్కలటీచర్

తెలియక మోసపోయేవాళ్ళు అంటే గుర్తొచ్చింది. పోయినేడు మా స్టాఫ్‌రూమ్‌లో ఆన్‌లైన్ ట్రేడింగ్ యాప్‌లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నాయన ఏ దేవుడికీ దండం పెట్టడు. రెండోస్థానం నాది. నేను శుక్రవారం ఉపవాసం.

గోదారిగట్టు

అందరికీ థ్యాంక్స్. వేపచెట్టు గారి కథ అమ్మకి చదివి వినిపించాను. "ఏడు బకెట్లా!" అని మాత్రం అంది.

ఇందాక బావ ఫోన్ చేశాడు. వచ్చే నెల వాళ్ళ కొత్త ఫ్లాట్ గృహప్రవేశమట. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకి. నేనేమీ అడగలేదు. ఆయనే, "మా అమ్మ పట్టుబట్టింది, ఏం చేస్తాం" అన్నాడు. ఆవుని తేవాలంటే ఐదో అంతస్తు, లిఫ్టులో పట్టదట. ఆ ఏర్పాట్లు చూడమని మా బాబాయికి చెప్పారట. బాబాయి ఒప్పుకున్నాడు.