ఒక సూర్యుండు... "తానొక్కడై"యా, "తానొక్కొక్కడై"యా?

రాత్రి షిఫ్టు, గచ్చిబౌలి
పోతన భాగవతం, భీష్మస్తుతిలోని పద్యం ఇది. "ఒక సూర్యుండు సమస్తజీవులకు తానొక్కడై తోచు పోలిక..." దాకా వస్తోంది. ఆ తర్వాత "హృత్సరోరుహములన్" ఒక్కటి మెరుస్తుంది, చివర "ప్రార్థింతు శుద్ధుండనై". అయితే నన్ను తినేస్తున్నది మధ్యలో ఖాళీ కాదు, మొదటి పాదమే. మా నాన్నగారు "తానొక్కడై" అనే చదివేవారు. నాకేమో అక్కడ ఇంకో అక్షరం ఉండాలనిపిస్తోంది. "తానొక్కొక్కడై"?

ఎందుకింత పట్టింపు అంటే, మా సాహిత్య మిత్రుల సైట్లన్నీ ఒకే సర్వర్ మీదికి చేర్చాం. గ్రంథాలయం కేటలాగు, పద్యాల సైటు, పంచాంగం, ఒక పెద్దాయన కథలు. ఎవరి డొమైన్ పేరు వారిదే. మెషీన్ ఒక్కటే, ఐపీ అడ్రస్ ఒక్కటే. రేపు నేను లేకపోయినా ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అని తెలుగులో గైడు రాస్తున్నా. వర్చువల్ హోస్ట్, అంటే ఒకే మెషీన్ మీద వేర్వేరు పేర్ల సైట్లు నడిపే పద్ధతి, దాని అధ్యాయం నెత్తిన ఈ పాదం పెట్టాలని ఆశ.

చిక్కడపల్లి మాస్టారు
మత్తేభం నాయనా. గణాల వరుస స భ ర న మ య వ. పదమూడు, పద్నాలుగు, పదిహేను అక్షరాలు మూడూ గురువులే కావాలి. "దా నొ క్కొ" అంటే సరిపోయింది. "దా నొ క్క" అన్నావో, "క్క" లఘువై మగణం విరిగిపోతుంది, పాదంలో ఒక అక్షరం కూడా తగ్గుతుంది. యతి మాత్రం నీకు సాయం రాదు. పద్నాలుగో అక్షరం "నొ"లో ఉన్నది "ఒ"యే, తాను మీద ఒక్కడు వచ్చినా ఒక్కొక్కడు వచ్చినా అది అక్కడే ఉంటుంది. కాబట్టి తీర్పు గణానిది. మీ నాన్నగారు రాగం సాగదీసి చదివి ఉంటారు, రాగంలో అక్షరాలు మాయమవడం మామూలే.

కోఠీ పుస్తకాల పురుగు
మాస్టారు గణాలు చెప్పి పద్యం చెప్పడం మరిచారు. ఇదిగో:

ఒక సూర్యుండు సమస్తజీవులకుఁ దా నొక్కొక్కఁడై తోఁచు పో
లిక నే దేవుఁడు సర్వకాలము మహాలీలన్ నిజోత్పన్న జ
న్య కదంబంబుల హృత్సరోరుహములన్ నానావిధానూన రూ
పకుఁడై యొప్పుచు నుండు నట్టి హరి నేఁ బ్రార్థింతు శుద్ధుండనై.

అందరూ "కుప్పించి యెగసిన" దగ్గరే చప్పట్లు కొట్టి లేచిపోతారు. స్తుతి ముగిసేది ఇక్కడ. అంతవరకు రథం, చక్రం, ధూళి, చెమట. ఇక్కడికి వచ్చేసరికి యుద్ధం ఊసే ఉండదు. సంస్కృత మూలంలో "ప్రతిదృశమివ నైకధార్కమేకం" అని ఉంది. ఆ "ప్రతిదృశం"కే పోతన తెలుగు చేసింది "ఒక్కొక్కఁడై". కన్నుకొక సూర్యుడు. అంతే అర్థం, చర్చ అక్కర్లేదు.

అరసున్న
చర్చ అక్కర్లేదన్న చోటే నాకు అనుమానం మొదలవుతుంది. "పిల్లలకు ఒక్కొక్క లడ్డూ ఇచ్చాను" అంటే లడ్డూలు చాలా ఉన్నాయి, తలా ఒకటి. "ఒక్కొక్కడే లోపలికి రండి" అంటే వరుసలో, ఒకడి తర్వాత ఒకడు. ఆమ్రేడితం, అంటే మాట రెట్టించడం, ఒక్కటే, పనులు రెండు. పోతన "ఒక్కొక్కఁడై" మొదటిదైతే సూర్యుళ్లు చాలామంది అయిపోతారు, "ఒక సూర్యుండు" అన్న ఎత్తుగడ ఏమైనట్టు? రెండోదైతే సూర్యుడు ఇంటింటికీ క్యూలో తిరుగుతున్నాడా?

కోఠీ పుస్తకాల పురుగు
"తోఁచు" ఉంది కదండీ. అవడం కాదు, తోచడం. సూర్యుడు ఒక్కడే. చూసేవాడికి మాత్రం "నా సూర్యుడు" అనిపిస్తుంది.

రాత్రి షిఫ్టు
సరిగ్గా నాకు కావలసింది ఇదే! కథల సైటు పెద్దాయనకు ఆ మెషీన్ మొత్తం తనదే అనిపిస్తుంది. పక్కన పంచాంగం కాపురం ఉంటున్నట్టు ఆయనకు తెలియదు, తెలియనక్కర్లేదు.

పాత మోడెం, ఈసీఐఎల్
తమ్ముడూ, పద్యం గొప్పదే, నీ అధ్యాయానికి మాత్రం నప్పదు. సూర్యుడు ఎవరికైనా ఇచ్చేది ఒకే వెలుగు. నీ సర్వర్ ఒక్కో పేరుకు ఒక్కో ముఖం చూపిస్తుంది. గ్రంథాలయం పేరుతో వస్తే కేటలాగు, పంచాంగం పేరుతో వస్తే తిథి, వారం. సూర్యుడు "ఎవరి కోసం వచ్చావు?" అని అడగడు. సర్వర్ అడుగుతుంది.

అడగడం కూడా మొదట్నుంచీ లేదు. హెచ్‌టీటీపీ 1.0 (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పాత నియమాలు) రోజుల్లో బ్రౌజర్ వచ్చి "ఫలానా పేజీ ఇవ్వు" అనేది, ఏ సైటుదో చెప్పాల్సిన నియమం లేదు. అందుకే ఒక మెషీన్ మీద నాలుగు డొమైన్లు పెట్టాలంటే దానికి నాలుగు ఐపీలు తగిలించేవాళ్లం. అది ఐపీని బట్టి నడిచే వర్చువల్ హోస్ట్. అంటే సైటుకొక సూర్యుడు, అరసున్న గారి లడ్డూల లెక్క. 1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2068 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చాక హెచ్‌టీటీపీ 1.1లో హోస్ట్ హెడర్ తప్పనిసరి అయింది. అది లేకుండా 1.1 అభ్యర్థన వస్తే సర్వర్ 400, అంటే తప్పు అభ్యర్థన, అని తిప్పికొట్టాలి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల చూడు, ఒకే మెట్ల దారికి ఎన్ని కోచింగ్ సెంటర్ల బోర్డులు! కింద వాచ్‌మన్ "ఏ ఇన్‌స్టిట్యూట్?" అంటాడు. పేరు చెప్తే అంతస్తు చెప్తాడు. హోస్ట్ హెడర్ ఆ పేరే.

నీకు కావలసిన కవి అన్నమయ్య. "ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంత మాత్రమే నీవు." వైష్ణవులు విష్ణుడంటారు, వేదాంతులు పరబ్రహ్మమంటారు, శైవులు శివుడంటారు, కాపాలికులు ఆదిభైరవుడంటారు. పిలిచిన పేరుకు పలికేవాడు. ఇంతకంటే వర్చువల్ హోస్ట్ ఏముంటుంది?

చిక్కడపల్లి మాస్టారు
మోడెం గారు అన్నమయ్య దాకా వెళ్లారంటే ఇక ఈ దారం చుట్టుకున్నట్టే. ఆ పల్లవిలోనే "పిండంతే నిప్పటి" ఉంది, అది వదిలేశారేం? ఎంత పిండి ఉంటే అంత నిప్పటి. నిప్పటి అంటే పిండివంట, నిప్పు కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఒక సభలో ఒకాయన నిప్పు రవ్వలని వ్యాఖ్యానం చేశారు, నా చెవులారా విన్నాను.

రాత్రి షిఫ్టు
అది సర్వర్‌కు ఇంకా బాగా అతుకుతుంది మాస్టారూ. ర్యామ్ ఎంతో సైటు అంత. ఏకాదశి రోజు పంచాంగానికి జనం ఎగబడితే కథల సైటు నత్తనడక.

అరసున్న
అలాగైతే "అనూన" అబద్ధం అయిపోయింది కదా! మూడో పాదం చూడండి, "నానావిధానూన రూపకుఁడై". నానావిధ, అనూన. ఊనం అంటే కొరత, అనూనం అంటే కొరత లేనిది. ప్రతి హృదయంలోనూ హరి పూర్తిగా ఉన్నాడు, వాటా వేసుకుని కాదు. మీ సర్వర్‌లో నలుగురూ ఒకే మెమరీ పంచుకుంటున్నప్పుడు ఎవరికీ అనూనం లేదు. ఊనమే.

పైగా మోడెం గారికి ఒక మాట. సూర్యుడు ఒకే వెలుగు ఇస్తాడు, నిజమే. ఉపమానం అక్కడితో ఆగిపోతే మీరు గెలిచారు. కానీ పోతన ఆగలేదు. నానావిధ రూపకుడన్నాడు. ఒకడే, వేర్వేరు రూపాలు, ఎక్కడికక్కడ పూర్తి. పద్యం సగమే గుర్తుంటే సగం ఉపమానంతోనే వాదిస్తాం.

పాత మోడెం
"నానా విధాన ఊన" అని ఎందుకు విడదీయకూడదు? నానా విధాలుగా కొరతపడే రూపం. షేర్డ్ హోస్టింగ్ అంటే అదేగా :)

చిక్కడపల్లి మాస్టారు
కూడదు. విధాన పక్కన ఊన వస్తే గుణసంధి, "విధానోన" అవుతుంది. ఇక్కడ ఉన్నది "నూ". ఆ ఒక్క దీర్ఘం మీద హరి పరువు నిలబడి ఉంది, ఆటలొద్దు.

సందేహాల శాస్త్రి
కొత్తగా చేరాను. అసలు అధ్యాయం పేరేమిటండీ? వర్చువల్ హోస్ట్‌కు తెలుగు ఏమన్నా పెట్టారా? తెలుగు మీడియం భౌతికశాస్త్రంలో వర్చువల్ ఇమేజిని మిథ్యా ప్రతిబింబం అని చదివాం. ఆ లెక్కన "మిథ్యాతిథేయి"?

అరసున్న
దొంగ చుట్టంలా వినపడుతోంది.

కోఠీ పుస్తకాల పురుగు
ఇంకో చిక్కు. మిథ్యా ప్రతిబింబాన్ని తెర మీద పట్టలేం అని అదే పుస్తకం చెప్పింది. సైటేమో తెర మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వర్చువల్ హోస్ట్ అనే ఉంచండి, ఎవరూ ఏడవరు.

శాస్త్రి గారి మాటలో ఒక మంచి కొస మాత్రం ఉంది. బ్రహ్మసూత్రాల్లో "సూర్యకాదివత్" అన్నచోట సూర్యుడు నీళ్లలో ప్రతిబింబం. నీరు కదిలితే బింబం కదులుతుంది. ఇక్కడ భీష్ముడు చెప్పేది నీళ్లలో సూర్యుణ్ణి కాదు, ఆకాశంలో ఉన్నవాణ్ణే. మూలంలో ఉన్నది "దృశం", కన్ను. కుండ లేదు, నీరు లేదు. పోతన వ్యాఖ్యాతల్లో కొందరు ఇక్కడ కూడా కుండలు తెచ్చిపెడతారు, నాకు ఒప్పదు. నడుమ అద్దం లేకుండా ప్రతివాడికీ నేరుగా కనపడటమే ఈ పద్యం బలం.

చిక్కడపల్లి మాస్టారు
కన్ను కూడా అద్దమే కదా పురుగు గారూ. హృత్సరోరుహం అన్నాడు. సరోరుహం నీళ్లు లేకుండా ఎక్కడ పూస్తుంది?

కోఠీ పుస్తకాల పురుగు
మాస్టారూ, ఇది తొండి.

పాత మోడెం
తమ్ముడు అధ్యాయంలో ఎస్‌ఎన్‌ఐ రాశాడో లేదో? తాళం గుర్తు, అంటే హెచ్‌టీటీపీఎస్ వచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. హోస్ట్ హెడర్ వెళ్లేది ఎన్‌క్రిప్షన్ కుదిరాక. అది కుదరాలంటే సర్వర్ ముందు సర్టిఫికెట్ చూపించాలి. ఎవరి సర్టిఫికెట్? పేరు ఇంకా చెప్పలేదుగా! అందుకే హెచ్‌టీటీపీఎస్ సైటు అనగానే మళ్లీ సైటుకొక ఐపీ. 2003 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 3546 దారి చూపింది, మొదటి పలకరింపులోనే పేరు చెప్పేయమని. ఎస్‌ఎన్‌ఐ అంటే అదే. అయినా విండోస్ ఎక్స్‌పీ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ పేరు పంపేది కాదు, అది పోయేదాకా ఏళ్లపాటు జనం జంకారు. ఐపీవీ4లో ఉన్నవే సుమారు 430 కోట్ల అడ్రసులు. అడ్రసులు పంచే సంస్థ ఐయానా దగ్గర ఖాళీ నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. సైటుకొక సూర్యుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తారు?

సందేహాల శాస్త్రి
పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా?

అరసున్న
ఎవరూ జవాబివ్వకండి. దండం పెడతాను.

చిక్కడపల్లి మాస్టారు
బమ్మెర.

అరసున్న
మాస్టారూ!

కోఠీ పుస్తకాల పురుగు
ఇంతలో నేను తమ్ముడి సైట్లు తెరిచి చూశా. గ్రంథాలయం డొమైన్ ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి తెరిస్తే కేటలాగు బదులు పంచాంగం వస్తోంది. నేను పుస్తకం అడిగితే రాహుకాలం చెప్తోంది.

పాత మోడెం
హహ. సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ అపాచీయే కదా? సర్వర్‌నేమ్‌లో ఉత్త డొమైన్ ఒక్కటే రాసి ఉంటాడు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఉన్నది సర్వర్‌కు వేరే పేరు కిందే లెక్క, దాన్ని సర్వర్‌ఎలియాస్‌లో విడిగా చెప్పాలి. ఏ బ్లాకుకూ సరిపోలని పేరు వస్తే అపాచీ మొదట కనపడ్డ వర్చువల్ హోస్ట్‌కు అప్పజెప్పేస్తుంది. మీ ఫైళ్లలో పంచాంగం ముందుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే డిఫాల్ట్ సర్వర్ అని మనమే గుర్తు పెట్టుకోవచ్చు. ఎవరిదీ కాని ఖాళీ పేజీ ఒకటి అన్నిటికంటే ముందు పెట్టు, పొరపాటున వచ్చినవాడు దాని దగ్గర ఆగుతాడు.

ఇంకోటి. పద్యాల సైటుకు తెలుగు లిపిలో భారత్ డొమైన్ తీసుకుంటారని విన్నా. కాన్ఫిగ్‌లో ఆ పేరు తెలుగులో రాస్తే పని జరగదు. బ్రౌజర్ దాన్ని ఎక్స్‌ఎన్, రెండు గీతలతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గొలుసుగా మార్చి పంపుతుంది. సర్వర్‌కు వినపడేది ఆ గొలుసే. అదే రాయాలి.

రాత్రి షిఫ్టు
ఎలియాస్ పెట్టి రీలోడ్ చేశా, పురుగు గారూ, ఇప్పుడు చూడండి. ఖాళీ పేజీ రేపు పెడతా. ఎక్స్‌ఎన్ సంగతి గైడులో చేరుస్తా.

పాదం మాత్రం "తానొక్కొక్కఁడై" ఖాయం. దాని కింద ఒక వాక్యం అర్థం రాయాలి. కన్నుకొక సూర్యుడు అనా, ఒకే సూర్యుడు ప్రతివాడికీ తనవాడిలా అనా?

కోఠీ పుస్తకాల పురుగు
రెండోది. కేటలాగు వచ్చింది, సంతోషం.

చిక్కడపల్లి మాస్టారు
మొదటిది. "ప్రతిదృశం" అని చెప్పింది మీరే.

అరసున్న
అన్నమయ్య పల్లవి పెట్టెయ్, ఈ గొడవే ఉండదు.

పాత మోడెం
నేను ఎప్పుడో చెప్పా.

చిక్కడపల్లి మాస్టారు
గొడవ లేని పద్యం కావాలంటే బోలెడున్నాయి. ఇది వదలొద్దు నాయనా. అయినా ఎవరూ రెండో పాదం చివర పట్టించుకోలేదు. "నిజోత్పన్న జన్య కదంబంబుల". ఉత్పన్నం అన్నా పుట్టినదే, జన్యం అన్నా పుట్టినదే. పోతన అంతటివాడు ఒకే మాట రెండుసార్లు ఎందుకు వేశాడు? ప్రాసకు "క" కావాలి, నిజమే, "కదంబం" ఆ పని చేసింది. మరి "జన్య" ఎందుకు?

కోఠీ పుస్తకాల పురుగు
మూడో పాదానికి యతి, "న్య"కు "నా".

చిక్కడపల్లి మాస్టారు
యతి కోసం మాట వేసే కవి కాడు ఆయన. ఆలోచించి రండి.