టెక్సాస్‌లో తీసుకున్న విడాకులు మన ఊళ్లో చెల్లుతాయా?

ఫ్రిస్కో_కుర్రాడు
అందరికీ నమస్కారం. మా పెళ్లి 2019లో విజయవాడలో అయింది, రిజిస్ట్రేషనూ అక్కడే. నాది హెచ్‌1బి, తనది నా వీసా మీద భార్యగా వచ్చిన హెచ్‌4. తను పుట్టింటికి వెళ్లి ఎనిమిది నెలలైంది. ఇక కలిసి ఉండలేమని నాకు తేలిపోయింది. పిల్లలు లేరు. ఇక్కడ వేస్తే 60 రోజుల్లో అయిపోతుందని లాయరు చెప్పాడు. వేసే ముందు ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_రవి
వేసెయ్ బ్రదర్. టెక్సాస్‌లో ఎవరి తప్పూ రుజువు చేయక్కర్లేదు, కాపురం సాగదంటే చాలు. రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, 90 రోజులు ఉండాలి. వేశాక 60 రోజులు ఆగాలి. అంతే.

పాతకాపు
ఏ కౌంటీ బాబూ? ఫ్రిస్కో కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంటుంది.

కృష్ణలంక_శర్మ
రవి గారూ, 60 రోజులు కనీసం ఆగాల్సిన గడువే. ఆ రోజుకు తప్పకుండా డిక్రీ చేతికొస్తుందని కాదు. అదలా ఉంచండి. పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగింది కదా, అక్కడి డిక్రీ ఇక్కడ నిలబడుతుందా అన్నది ముందు చూడాలి. 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు. మనవాళ్లదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త మిస్సోరీ వెళ్లి, 90 రోజుల నివాసం చూపించి విడాకులు తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదని, ఆ కేసు నడవాల్సిందేనని కోర్టు తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలి. 'కుదరడం లేదు' అన్న కారణం మన చట్టంలో ఈరోజుకీ లేదు.

డల్లాస్_రవి
1991 తీర్పు పట్టుకుని ఇప్పుడు భయపెడతారా సార్? మా రూమ్మేటుకు సరిగ్గా 63వ రోజున వచ్చింది.

కృష్ణలంక_శర్మ
నేను రోజులు లెక్కపెట్టడం లేదండీ. ఆ తీర్పులోనే మినహాయింపులున్నాయి. భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే చెల్లుతుంది. ఆమె కూడా అక్కడే స్థిరపడి ఉండి, మన చట్టంలో ఉన్న కారణం మీద ఇస్తే చెల్లుతుంది. తనంతట తాను అక్కడి కోర్టుకు వచ్చి, మన చట్టంలో ఉన్న కారణం మీద వాదించినా చెల్లుతుంది. ఇద్దరికీ ఇష్టమైతే ఇక్కడే హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకుల సెక్షన్ 13బి ఉంది. ఏడాది విడిగా ఉన్నాక వేసుకోవచ్చు, తర్వాతి ఆరు నెలల గడువును కోర్టు తగిన కేసుల్లో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది.

ప్లేనో_అనిత
ఆస్తి సంగతి మర్చిపోకండి. టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ, రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కె కూడా. పెళ్లిలో ఆ అమ్మాయికి పెట్టిన బంగారం ఆమెదే.

డల్లాస్_రవి
13బి అంటే ఆమె సంతకం కావాలి. పెట్టకపోతే? నేను 2016లో హైదరాబాద్‌లో వేశాను. నాలుగేళ్లు. వాయిదాకని ఆరుసార్లు ఫ్లైటెక్కాను, మూడుసార్లు అవతలి వాళ్లు రానే లేదు. సెలవులన్నీ కోర్టుకే పోయాయి. అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు వెళ్లడానికి సెలవు మిగల్లేదు. చట్టం చదవమని చెప్పడం తేలిక శర్మ గారూ.

పేట_సుధ
రవి గారూ, మీ అమ్మగారి సంగతి చదివితే బాధేసింది. నా వైపు కూడా వినండి. 2018లో పురిటికి నరసరావుపేట వచ్చాను. పాపకు మూడో నెలలో ఒక కొరియర్ వచ్చింది. నాన్న గుమ్మంలోనే కవరు చింపి, ఇంగ్లీషులో ఉందని నా చేతికిచ్చారు. 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలలోపు జవాబు వేయాలట. ఒళ్లో పాప ఏడుస్తోంది, నేను క్యాలెండర్ ముందు నిలబడి ఏ సోమవారమా అని వేలితో లెక్కపెడుతున్నాను. అక్కడ లాయరును పెట్టుకునే డబ్బు లేదు. డిక్రీ వచ్చింది, హెచ్‌4 పోయింది. నా డిగ్రీ సర్టిఫికెట్లు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. నా పాస్‌పోర్టులో భర్త పేరు ఇంకా అలాగే ఉంది. మీ 60 రోజులు నాకు ఏడేళ్లయ్యాయి.

డల్లాస్_రవి
మీ ఆయన చేసిన దానికి అందరినీ ఒకే గాటన కట్టకండి మేడమ్. చచ్చిపోయిన కాపురంలోంచి బయటపడటానికి కూడా అవతలి వాళ్ల అనుమతి కావాలా? నేను అడిగేది ఒక్కటే.

పేట_సుధ
అనుమతి ఎవరడిగారండీ? చెప్పమంటున్నాను. కొరియర్ కుర్రాడు చెప్పకముందే కట్టుకున్నవాడు చెప్పాలంటున్నాను. తమ్ముడూ, ఫ్రిస్కో, నిన్నే అడుగుతున్నా. నువ్వు కేసు వేస్తున్నట్టు ఆ అమ్మాయికి తెలుసా?

కృష్ణలంక_శర్మ
సుధమ్మా, మీకు కొరియర్లో పంపడమే తప్పు. విదేశీ కోర్టు కాగితాలు నేరుగా పోస్టులో పంపడానికి హేగ్ ఒప్పందంలో మన దేశం ఒప్పుకోలేదు. ఢిల్లీలో న్యాయశాఖ ద్వారా రావాలి. దానికి నెలలు పడుతుంది. మీరు ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో ఆ డిక్రీని సవాలు చేయవచ్చు, లాయరుకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఫ్రిస్కో_కుర్రాడు
తెలియదక్కా. లాయరు తన అడ్రసు అడిగితే మేమిద్దరం ఉన్న అర్వింగ్ అపార్టుమెంటు అడ్రసు ఇచ్చాను. విజయవాడ అడ్రసు ఇస్తే ఆలస్యమవుతుందన్నాడు. మామయ్యగారితో మాట్లాడే ధైర్యం లేక ఊరుకున్నాను.

డల్లాస్_రవి
అది మాత్రం తప్పు బ్రదర్. ఎక్కడుందో తెలిసీ పాత అడ్రసు ఇస్తే రేపు ఇక్కడి కోర్టే డిక్రీ కొట్టేయొచ్చు. నేను వేసెయ్యమన్నాను గానీ దాచమనలేదు.

పాతకాపు
అర్వింగ్ డల్లాస్ కౌంటీ. ఫ్రిస్కోకి ఎప్పుడు మారావు?

ఫ్రిస్కో_కుర్రాడు
రెండు నెలలైందండీ. ఇప్పుడున్నది కాలిన్ కౌంటీ.

పాతకాపు
మరి 90 రోజులు నిండలేదుగా. ఇంకో నెల దాకా అక్కడ వేయలేవు.

పేట_సుధ
ఆ నెలలో ఫోన్ చెయ్యి తమ్ముడూ. మామగారికి కాదు, ఆ అమ్మాయికి. అల్మారాలో తన సర్టిఫికెట్లు ఉన్నాయేమో కూడా చూడు.

ఫ్రిస్కో_కుర్రాడు
ఉన్నాయక్కా. నీలం ఫైలులో ఉన్నాయి.